మంచె కింది ముక్క

కింది ముక్క మంచులో పడి ఉంది. ఇవతలి గట్టున తన మంచె మీద కూర్చున్న మిర్నా మొదట తన కళ్ళనే నమ్మలేదు. దుర్భిణి దించి, ఉన్ని తొడుగు వేలితో అద్దాలు తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. పడే ఉంది. చిత్తడి బాడవకి ఆవలి గట్టున, ఆ నున్నటి ఆస్పెన్ చెట్టు మొదట్లో, కాళ్ళు పెట్టుకునే ఇనప చట్రం సగం మంచులో కూరుకుపోయి ఒక పక్కకి ఒరిగి ఉంది. దాని నెత్తిన, రెండంతస్తుల ఇంటి ఎత్తులో, చెట్టుని కరుచుకున్న పై ముక్క మీద ఆమె మొగుడు రేనో కూర్చుని, నారింజరంగు టోపీ చెవుల మీదికి లాక్కుని, లోకంలో ఏ తేడా రానట్టు, వేటగాడు చూడాల్సిన పద్ధతిలోనే నింపాదిగా అడవిని చూస్తున్నాడు. కాళ్ళు మాత్రం గాల్లో వేలాడుతున్నాయి, పళ్ళ డాక్టరు దగ్గర ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టిన పిల్లాడి కాళ్ళలాగా. ఇందాక టంగుమని చప్పుడొచ్చినప్పుడు తనే అనుకుంది, ఈ మనిషి చెట్టెక్కుతుంటే కమ్మరి కొలిమి నడిచొచ్చినట్టుంటుంది, దుప్పులే కాదు పక్క జిల్లా వాళ్ళు కూడా మూటాముల్లే సర్దుకుంటారు అని. ఆ చప్పుడు ఇదన్నమాట. జారి పడిపోయింది. పడిపోయి ఎంతసేపైందో, ఇప్పటిదాకా ఉలుకూ లేదు పలుకూ లేదు.

వాకీటాకీ మీట నొక్కింది. "రేనో, ఎలా ఉంది అక్కడ?"

కాసేపు గరగర. తర్వాత అతని గొంతు, చర్చిలో గుసగుసలాడినట్టు. "బాగానే ఉంది. ఊరికే మాట్లాడకు. దుప్పులకి చెవులుంటాయి."

బాగానే ఉందట. మిర్నా వాకీటాకీని ఒళ్ళో పెట్టుకుని దానివంకే చూసింది, అది రేనో మొహమైనట్టు. దుప్పులకి చెవులుంటాయట, మరి ఆమెకి కళ్ళుండవా? అడగొచ్చుగా, "మిర్నా, చిక్కుకుపోయానే, వచ్చి సాయం చెయ్యి" అని. ఐదారు మాటలు. అంతకంటే పెద్ద మాటలు వాతావరణం గురించీ, ట్రాక్టరు గేరు గురించీ, పొరుగువాడి కంచె గురించీ పొద్దస్తమానం మాట్లాడతాడు. ఈ మాటలే గొంతు దాటవు. ఇంట్లో పైకప్పు కారినప్పుడు కూడా అంతే, పైన చూరు తడిసి ముద్దైపోయి ఆమె నెత్తిన చుక్క పడేదాకా "ఏం లేదు, కొంచెం చెమ్మ" అన్నాడు. భుజం కీలు అరిగిపోయి చొక్కా వేసుకోలేక గుడ్లనీళ్ళు కుక్కుకుంటున్నప్పుడూ "కొంచెం పట్టేసింది" అన్నాడు, ఆస్పత్రిలో కోసి కుట్టాక డాక్టరు ఇక చెట్లెక్కవద్దని తన ముందే చెబితే, తల ఊపాడు. ఆ తల ఊపడం ఆమెకి తెలుసు. గేదె ఈగల్ని తోలుకున్నట్టు ఉంటుంది, దానికి అర్థం ఉండదు.

పట్నంలో వేట సామాన్ల కొట్టుకి తనే తీసుకెళ్ళింది, ముందటేడు శరదృతువులో. మంచెలన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయక్కడ. నిచ్చెన మంచెలు, చెట్టుకి ఆనించి పట్టీలతో బిగించేవి, ఎక్కడానికి మెట్లూ, చేతులు ఆనించుకోవడానికి చుట్టూ కమ్మీ, ఇద్దరు కూర్చునేంత వెడల్పూ ఉండేవి. ఆ పక్కన చెట్టుకి గొలుసుతో వేలాడదీసే చిన్నవి. చివరన ఈ పాకుడు మంచె, రెండు ముక్కలది. పై ముక్క మీద కూర్చుని కాళ్ళతో కింది ముక్కని పైకి లాక్కోవాలి, కింది ముక్క మీద నిలబడి పై ముక్కని ఇంకాస్త పైకి జరుపుకోవాలి, అలా గొంగళిపురుగులా మాను మీద ఎగబాకాలి. కుర్రాళ్ళ సరుకది, మోకాళ్ళు మోకాళ్ళలా పనిచేసేవాళ్ళకి. కొట్టువాడు ఇద్దరినీ ఒకసారి ఎగాదిగా చూసి మర్యాదగా నిచ్చెన మంచె వైపు చెయ్యి చూపించాడు. రేనో నేరుగా వెళ్ళి పాకుడు మంచెని తట్టాడు, గుర్రపు సంతలో పిరుదు తట్టినట్టు. "దుప్పి ఎటు తిరిగితే మనమూ అటు తిరగాలి. ఒకే చెట్టుకి అతుక్కుపోయి కూర్చోడానికి నేనేమన్నా పిట్టగూడునా?" అన్నాడు. కొట్టువాడు నవ్వాడు. నవ్వితే ఇంక ఆపడం ఎవరి తరం? ఆమె కొన్న నిచ్చెన మంచెని ఆ రోజు నుంచీ సినిమాహాలు బాల్కనీ అంటాడు. పొద్దున అడవిలోకి బయల్దేరేముందు "బాల్కనీ రాణీగారికి పేలాలు కూడా తెప్పించనా?" అంటాడు. అని తనే నవ్వుకుంటాడు, ప్రతి ఏడూ, అదే మాట, అదే నవ్వు.

తిరుగుతాడట. రెండేళ్ళనుంచీ ఆ ఒక్క ఆస్పెన్‌నే పట్టుకుని వేలాడుతున్నాడు, పిట్టగూడు కూడా అంత నమ్మకంగా ఉండదు. వద్దని చెప్పింది, ఆ బెరడు కొవ్వొత్తిలా ఉంటుంది, మంచు పట్టిందంటే ఇనుప పళ్ళు కూడా కరవవు, పక్కనే గరుకు బెరడు పైన్ చెట్టుంది కదా, దాన్నెక్కు అని. "ఆస్పెన్ తిన్నగా ఉంటుంది, కొమ్మలడ్డం రావు" అన్నాడు. పోనీ రెండు ముక్కల్నీ తాడుతో కట్టుకో, ఒకటి జారినా ఇంకోదానికి వేలాడుతుంది, నీ కాలికి అందుతుంది, ఆ కొట్టువాడు పదిసార్లు చెప్పింది అదే కదా అంది. "తాడు చిక్కుపడుతుంది" అన్నాడు. ఎక్కడ చిక్కుపడుతుంది? చిక్కుపడేది తాడు కాదు. అతని బుర్రలో ఎప్పుడో పడిపోయింది చిక్కు, పెళ్ళికి ముందే పడి ఉంటుంది, ఆమె చూసుకోలేదంతే, అప్పుడు నృత్యాల రాత్రి ఎర్ర చొక్కా వేసుకుని అకార్డియన్ వాయిస్తున్నాడు కాబట్టి.

గాలి మళ్ళింది. సరస్సు మీంచి వచ్చే గాలి, తడి ఇనుము వాసనేసే గాలి, ఆమె వీపు మీంచి బాడవలోకి పోతోంది, ఆమె ఒంటి వాసన, ఫ్లాస్కులో కాఫీ వాసన, జేబులో ఉన్న మాంసం కూరిన పాస్టీలో ఉల్లిపాయ వాసన అన్నీ మోసుకుని. ఈ చెట్టు మీద కూర్చుంటే ఏ దుప్పీ దగ్గరికి రాదని ఆమెకి బాగా తెలుసు. రేనోకీ తెలుసు, ఊరందరికీ తెలుసు. "మా ఆవిడకి చెట్టు ఎంచుకోవడం చేతకాదు, గాలికి ఎదురు కాదు, గాలికి తోడు కూర్చుంటుంది" అని ఫైరింజను వాళ్ళ ఫైర్‌హాల్లో అందరి ముందూ అంటాడు. అననీ. ఆమె ఈ మేపుల్ చెట్టుని గాలి చూసి ఎంచుకోలేదు. కిందటేడు ఆగస్టులో, అతను భుజానికి కట్టు కట్టుకుని ఇంట్లో పడుకున్నప్పుడు, రంపం తీసుకుని ఒక్కతే వచ్చి, ఈ గట్టు మీద ఒక్కో చెట్టు దగ్గరా నిలబడి చూసింది. ఇక్కడి నుంచి ఆ ఆస్పెన్ కనబడుతుంది. అడ్డం వచ్చిన కొమ్మలు నాలుగు కోసింది, ఇంకొన్ని కోసింది, ఒక చిన్న సెడార్‌ని మొదలంటా తీసేసింది. దుప్పి మాంసం తనకి అంత ఇష్టమేమీ కాదు. ఈ చలిలో, కాళ్ళ వేళ్ళు తనవి కాకుండా పోయేదాకా, ఏడాదికి ఇన్ని రోజులు ఇక్కడ కూర్చోవడానికి కారణం అక్కడ వేలాడుతోంది, నారింజరంగు టోపీ పెట్టుకుని, బాగానే ఉందంటూ.

టౌనో మంచె కూడా ఇక్కడికి దగ్గర్లోనే ఉండేది. రేనో అన్న టౌనో. మూడు చెట్ల మధ్య దుంగలు అడ్డం పెట్టి, బల్లచెక్కలు పరిచి మేకులు కొట్టిన మంచె, అన్నదమ్ములిద్దరూ కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు కట్టుకున్నది. చెట్లు గాలికి ఊగుతాయి, ఊగినప్పుడల్లా మేకు కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది, అది ఎవరికీ కనబడదు. ఒక వేట సీజను మొదటి రోజు పొద్దున్నే చెక్క ఊడింది. వెన్ను విరిగింది. ఆ తర్వాత టౌనో బతికినన్నాళ్ళూ చక్రాల కుర్చీలో బతికాడు, సరదాగానే బతికాడు, "నేల ఇంత గట్టిగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదురా" అని జోకులేసేవాడు. ప్రతి శనివారం రేనో అతన్ని వీపున వేసుకుని పెరట్లో ఆవిరిగదికి మోసుకెళ్ళేవాడు, మంచులో, వానలో, దోమల్లో, ఒక్క శనివారం మానకుండా. టౌనో బొద్దుగా ఉండేవాడు. రేనో కాళ్ళు వణికేవి. లోపల అన్న వీపు రుద్ది, నీళ్ళు పోసి, మళ్ళీ మోసుకొచ్చి, తుడిచి, చొక్కా తొడిగేవాడు. ఆమె వంటింటి కిటికీలోంచి చూసేది. ఆ వీపున మోసిన మనిషే, అదంతా కళ్ళారా చూసిన మనిషే, చేతులారా చేసిన మనిషే, ఇవాళ ఒక తాడు ముక్క కట్టుకోడానికి చేతులు రాక అక్కడ... మిర్నా ఫ్లాస్కు మూత విప్పింది. కొంచెం కాఫీ తాగింది. కోపం మాత్రం చల్లారలేదు.

వెళ్ళొచ్చు. దిగి, బాడవ దాటి వెళ్ళొచ్చు. కిందటేడు అలాగే వెళ్ళింది, అతను చాలాసేపు కదలకుండా ఉంటే గుండె ఆగిందేమోనని. కదలకుండా ఉన్నది దుప్పి వస్తోందని. అది ఆమె అడుగుల చప్పుడుకి తోకెత్తి తెల్లజెండా ఊపుకుంటూ పోయింది. మూడు రోజులు మాట్లాడలేదు రేనో, ఉప్పు కావాలంటే లేచి వెళ్ళి తెచ్చుకున్నాడు. కనక ఈసారి అడగనీ. నోరు తెరిచి అడిగేదాకా ఈ బాల్కనీ మీంచి కదిలేది లేదు. జీనైతే ఇచ్చింది కదా, పుట్టినరోజుకి, భుజాలకీ తొడలకీ పట్టీలుండి వెనక తాడుతో చెట్టుకి తగిలించుకునేది. "నన్ను బండికి కడతావా?" అన్నాడు, అయినా వేసుకుంటున్నాడు, ఆ తాడు చెట్టుకి తగిలించుకునే ఉంటాడు, అంత పిచ్చివాడు కాడు. చెట్టు చుట్టూ కట్టిన నల్ల పట్టీ ఇక్కడికి కనబడుతోంది, అతని తలకి కాస్త పైన. కట్టుకున్నాడు. సరే. అయితే అడిగేదాకా కూర్చోనీ. వెలుతురు ఇంకా ఉంది. కాళ్ళు తిమ్మిరెక్కనీ. దిగొచ్చాక అనాల్సిన మాటలు ఆమె లోపల పేర్చుకుంటూ పోయింది, మొదట అరిచేవి, తర్వాత నెమ్మదిగా గుచ్చుకునేవి, ఆఖరికి ఏమీ అనకుండా ఊరుకోవడం, అదే అన్నిటికంటే గట్టిగా తగులుతుంది, కాని అది ఆమెకి ఎప్పుడూ చేతకాలేదు.

అప్పుడు వచ్చింది దుప్పి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, అవి ఎప్పుడూ రావు, ఉంటాయి, అంతే. ఇంతసేపూ చెట్ల మొదళ్ళుగా ఉన్నవాటిలో ఒకటి నడక మొదలుపెట్టింది. మెడ లావు, నుదుటి మీద కొమ్ములు బోర్లించిన కుర్చీ కాళ్ళలా, ఎడమవైపు కొమ్ముకి కిందికి వంగిన పిలక. రెండేళ్ళుగా చెట్టుకి కట్టిన కెమెరాలో రాత్రిళ్ళు మాత్రమే కనబడి పోయే దొరగారు. రేనో దానికి బిషప్ అని పేరు పెట్టాడు. ఆ బిషప్పుగారు తిన్నగా ఆస్పెన్ కిందికి నడిచి, పడి ఉన్న ఇనప చట్రాన్ని వాసన చూసి, దాని పక్కనే మానుకి ఆనించి ఉన్న రేనో తుపాకీని కూడా వాసన చూసింది. అవును, తుపాకీ కింద ఉంది. తాడుతో పైకి లాక్కునేలోపే ముక్క జారినట్టుంది. దుప్పి మీద రేనో బూట్లు వేలాడుతున్నాయి. దుప్పి తలెత్తి ఉంటే బూటు అడుగుల గీతలు లెక్కపెట్టేది. మిర్నాకి నవ్వొచ్చింది, ఆ నవ్వు ముక్కులోంచి పొగలా బయటికొచ్చింది. చూడు దొరా, చూడు, రెండేళ్ళ తపస్సు నీ కాళ్ళ కింద మేస్తోంది, నువ్వు పైన కోతిలా కూర్చున్నావు.

పక్కనున్న తన తుపాకీ ముట్టుకోలేదు. మనిషి ఉన్న వైపు గొట్టం తిప్పే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. దుర్భిణే పెట్టుకుంది, ఆ మొహం ఇప్పుడు ఎలా ఉందో చూడాలని, కడుపు నిండా చూడాలని. చూసింది. రేనో దుప్పిని చూడటం లేదు. రెండు చేతులతో ఒళ్ళో అడ్డంగా ఉన్న కమ్మీని పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. పెదాలు కొవ్వొత్తి రంగులో ఉన్నాయి. అప్పుడే దుప్పి ఎటో వింటూ పక్కకి జరిగితే, దాని అలికిడికి అతను ఉలిక్కిపడి కొంచెం ముందుకి వాలాడు. వాలినప్పుడు వీపుకీ మానుకీ మధ్య సందు తెరుచుకుంది. ఆ సందులో జీను తాడు తోకలా కిందికి వేలాడుతోంది. దాని చివర కొక్కెం మెరుస్తూ గాలికి ఊగుతోంది. చెట్టు చుట్టూ ఉన్న పట్టీ చెట్టుకే ఉంది. అతను దానికి లేడు.

తగిలించుకోలేదు. ఇంతసేపూ, తను కాఫీ తాగుతూ మాటలు పేర్చుకుంటున్నంతసేపూ, ఆ మనిషి అంత ఎత్తున, మొద్దుబారిన కాళ్ళతో, గాల్లో, ఏ ఆధారం లేకుండా. దుప్పి ఇప్పుడు బాడవలోకి దిగింది. ఆస్పెన్‌ని వెనక వదిలేసి, ఆమె కోసిన కొమ్మల సందులోంచి, ఆమె వైపే, గాలి కూడా ఒక్క క్షణం పడిపోతే, అడ్డంగా తిరిగి నిలబడింది. వెనక మట్టిగట్టు. ఏ మనిషీ లేడు అటువైపు. ఇంతకంటే తేలికైన గురి జన్మలో దొరకదు, పొద్దున మొదటిసారి తుపాకీ పట్టినవాడు కూడా కొడతాడు. కాని పేల్చితే అడవంతా దద్దరిల్లుతుంది, దుప్పి పక్కకి జరిగితేనే ఉలిక్కిపడినవాడు ఆ మోతకి... మిర్నా లేచి నిలబడింది. కమ్మీ పట్టుకుని, ఊపిరితిత్తుల్లో ఉన్న గాలంతా కూడదీసుకుని అరిచింది.

"రేనో! కదలకు! వెనక్కి ఆనుకో! చెట్టుకి ఆనుకో!"

బిషప్ గాల్లోకి లేచింది. తెల్ల తోక ఒకసారి, రెండుసార్లు, ఇక లేదు. బాడవ అవతల ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు. వాకీటాకీ గరగరమంది. అరుస్తాడనుకుంది. "కొంచెం..." అన్నాడు రేనో, ఆగాడు. "మిర్నా. నా కాళ్ళు తెలియట్లేదు."

"కొక్కెం ఎందుకు పెట్టుకోలేదు?"

"పెట్టుకుందామనే. అది జారిపోయాక. చెయ్యి వెనక్కి పోవట్లేదు. ఆ భుజం."

దిగడం ఎప్పుడూ నెమ్మదిగానే దిగుతుంది, కొక్కేన్ని తాడు వెంట జరుపుకుంటూ ఒక్కో మెట్టూ. ఇవాళ ఆ నెమ్మదికే ఒళ్ళు మండిపోయింది, అయినా జరుపుకుంటూనే దిగింది, ఇద్దరూ పడితే కబురు చెప్పడానికి కూడా ఎవరూ ఉండరు కనక. బాడవలో మంచు పెంకు విరిగి ఒక కాలు మోకాలిదాకా నల్లనీళ్ళలోకి పోయింది. తిట్టుకుంది. ఆస్పెన్‌నీ, కొట్టువాడినీ, భుజాన్నీ, ఎర్ర చొక్కానీ, అకార్డియన్‌నీ తిట్టుకుంటూ నడిచింది. చెట్టు కిందికి చేరి తలెత్తేసరికి బూటు అడుగులూ, వాటి మధ్య మొహమూ కనబడ్డాయి. కింద నుంచి చూస్తే ముసలాడైపోయాడు.

"దుప్పిని తోలేశావుగా" అన్నాడు పైనుంచి, నీరసంగా.

"నోర్ముయ్. ఆ పట్టీ చెట్టుకి కట్టి, నువ్వు తగిలించుకోకపోవడం ఏమిటి? అది చెట్టుకి అలంకారమా?"

రేనో బాడవ అవతలికి చూశాడు. తర్వాత అన్నాడు, "నువ్వు చూస్తావు కదా. అక్కడి నుంచి."

తెలుసా ఈయనకి? కొమ్మలు కోసిందీ, చెట్టు ఎంచుకున్నదీ, అంతా తెలిసే ఫైర్‌హాల్లో ఆ జోకులా? తెలిసే, ఆమె కోసం ఆ పట్టీని ఏడాదికేడాది చెట్టుకి తోరణంలా కట్టి, తాను మాత్రం విడిగా కూర్చుంటున్నాడా? కోపానికి ఇంకో అంతస్తు ఉంటుందని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు. అది తర్వాత. మంచులో కూర్చుని రేనో తుపాకీ ఖాళీ చేసి, దానికి కట్టిన, పైనుంచి వేలాడే తాడు విప్పి, కత్తితో పక్కనున్న పొద నుంచి కొంకి ఉన్న కొమ్మ ఒకటి కోసి, మామిడికాయలు కోసే దోటిలా చెక్కి, తాడు చివర కట్టింది. "ఇది పైకి లాక్కో. మంచి చేత్తో. కిందికి చూడకు. సంక కిందినుంచి వెనక్కి పెట్టి, ఆ తాడు చివర గుంజి ముందుకి తెచ్చుకో." మొదటిసారి జారింది. రెండోసారి దోటి చెయ్యి జారి ఆమె పక్కనే పడింది. "నా వల్ల కాదే" అన్నాడు. "అవుతుంది. అన్నని మోసినవాడివి, ఒక తాడు ముక్క మొయ్యలేవా?" అంది, అని నాలిక్కరుచుకుంది. తాడు మళ్ళీ కదిలింది. చాలాసేపు పట్టింది. చివరికి తలపైన ఉన్న పట్టీ ఉచ్చులో కొక్కెం టక్కుమని పడింది. ఆ చిన్న చప్పుడు విన్నాకే ఆమె బూటు విప్పి నల్లనీళ్ళు వంపింది.

"ఇప్పుడు గట్టెక్కితే సిగ్నలొస్తుంది, ఫైరింజను వాళ్ళకి ఫోన్ చేస్తాను. డ్వేన్‌ని పిలుస్తాను."

"వద్దు! మిర్నా, వద్దే. ఇవాళ అందరూ ఫైర్‌హాల్లోనే ఉంటారు, విందులో. ఊరంతా వచ్చేస్తుంది. వసంతం దాకా ఇదే కథ చెప్పుకుంటారు. నువ్వే ఇంటికెళ్ళి పొడుగు నిచ్చెన తే."

"ఆ నిచ్చెన నేనొక్కదాన్నే ఎత్తగలనా? నువ్వు కాళ్ళు లేనివాడివి మెట్టు మీద నిలబడగలవా?"

"ఇంకాసేపుంటే తిమ్మిరి పోతుందేమో."

"సరే, చెప్పుకోనీ. వాళ్ళు చెప్పుకుంటుంటే నువ్వు అక్కడ కూర్చుని వింటూ ఉంటావు. అది చాలు నాకు" అంది మిర్నా, అని గట్టెక్కింది.

వచ్చారు. ముందు సైరన్, అది ఎందుకో ఎవరికీ తెలియదు, అడవిలో ఎవరు తప్పుకోవాలని. తర్వాత టార్చిలైట్లూ, నిచ్చెనా, మంచులో లాగే స్లెడ్జీ, చొక్కాల మీద ఇంకా ఆవపచ్చడి మరకలతో నలుగురు మగవాళ్ళూ. అందరికంటే ముందు డ్వేన్, చిన్నప్పుడు రేనో దగ్గర అకార్డియన్ నేర్చుకోవాలని వచ్చి రెండో రోజే మానేసినవాడు. చెట్టు కింద నిలబడి తలెత్తాడు.

"ఏంటి బాబాయ్, గుడ్లు పెడుతున్నావా?"

"నిచ్చెన వేసి మాట్లాడు."

"పిన్నీ, దించమంటావా, ఇక్కడే వదిలేద్దామా? చూడ్డానికి బానే ఉంది, క్రిస్మస్‌కి దీపాలు కూడా చుట్టొచ్చు."

"దించు" అంది మిర్నా. గొంతు బొంగురుపోయింది, అరిచినందుకు.

ఇద్దరు నిచ్చెన మీదెక్కి, అతని నడుముకి తాడు కట్టి, కొక్కెం విప్పి, కాళ్ళు ఒక్కో మెట్టు మీదా చేతుల్తో పెట్టిస్తూ దించారు. నేలమీద నిలబెట్టబోతే నిలబడలేదు. స్లెడ్జీలో పడుకోబెట్టి దుప్పట్లు చుట్టారు. జోకులు అప్పుడు ఆగిపోయాయి, ఎందుకంటే రేనో పళ్ళు పటపటలాడుతున్నాయి, ఏడుస్తున్నాడో చలికో చెప్పడం కష్టంగా ఉంది. ఆస్పత్రికొద్దన్నాడు, తీసుకెళ్ళారు. అక్కడ కాళ్ళు రుద్ది, వేడి సంచులు పెట్టి, గుండె చూసి, ఇంటికి పంపేశారు.

దారిలో ట్రక్కు ఆమె నడిపింది. హీటరు వేడిగాలి ఇద్దరి మొహాలకీ కొడుతోంది. పేర్చుకున్న మాటలేవీ ఇప్పుడు దొరకలేదు. సగం దారిలో రేనో అన్నాడు, "కట్టుకుంటే పడతానని ఒప్పుకున్నట్టు ఉంటుంది. అందుకే."

"ఒప్పుకో మరి" అంది ఆమె.

ఇంకొంత దూరం పోయాక అతను గొంతు సవరించుకున్నాడు. "ఆ పై ముక్క చెట్టుకే ఉండిపోయింది. రేపు వెళ్ళి తెచ్చుకోవాలి."

మిర్నా ట్రక్కుని రోడ్డు మధ్యలో ఆపేసింది. వెనకా ముందూ ఎవరూ లేరు.

"నేను తెస్తాను. నేనెక్కుతాను. నువ్వు చెట్టు కింద నిలబడి నన్ను చూస్తూ ఉంటావు. గంటసేపు."

"గంటసేపెందుకే? పది నిమిషాల పని."

"గంటసేపు ఉంటాను."

మర్నాడు మధ్యాహ్నం, ఎండ కాస్త తేరుకున్నాక, పొడుగు నిచ్చెన ఇద్దరూ చెరో చివరా పట్టుకుని మోసుకెళ్ళారు. మానుకి ఆనించి, కింద అతను కాలు అడ్డంపెట్టి పట్టుకుంటే, ఆమె తన జీను తాడుతో ఎక్కింది. పై ముక్క దగ్గరికి చేరి, కొక్కెం చెట్టు పట్టీకి తగిలించుకుని, నిచ్చెన వదిలి ఆ సీటులో కూర్చుంది. కాళ్ళు వదిలేసింది. ఎత్తు అనుకున్నదానికంటే ఎక్కువ. ఆ కొమ్మల సందులోంచి బాడవకి అవతల ఆమె మేపుల్ చెట్టూ, నిచ్చెన మంచే, దాని మీద ఖాళీ సీటూ తేటగా కనబడ్డాయి. గాలికి మాను లోపలి నుంచి నెమ్మదిగా ఊగుతోంది.

"ఎక్కావుగా. ఇంక విప్పు" అన్నాడు రేనో.

ఆమె పలకలేదు.

"కొక్కెం పెట్టావా?"

ఎక్కడో వడ్రంగిపిట్ట కొడుతోంది. ఆమె దాన్ని వెతుక్కుంటున్నట్టు తల తిప్పింది.

"మిర్నా! ఇక్కడికి కనబడట్లేదు. కొక్కెం పెట్టావా లేదా? మాట్లాడవేమే? మిర్నా!"

ఆ గొంతు ఆమె ఇన్నేళ్ళలో ఎప్పుడూ విన్నది కాదు. కిందికి చూసింది. రేనో నిచ్చెన వదిలేసి, మంచులో రెండడుగులు పక్కకి వేసి, సరిగ్గా ఆమె కింద నిలబడి, రెండు చేతులూ పైకి చాపి ఉన్నాడు, ఆమె పడితే పట్టుకుందామని. మంచి చెయ్యి పూర్తిగా లేచి ఉంది. పాడు చెయ్యి భుజం దాకా లేచి, అక్కడ నొప్పికి వణుకుతూ, అయినా దిగకుండా ఉంది. మొహం పాలిపోయింది.

గంటసేపు అనుకుంది. ఐదు నిమిషాలు కూడా ఉండలేకపోయింది.

"పెట్టుకున్నానయ్యా" అంది. "పెట్టుకున్నాను. ఆ చెయ్యి దించు ముందు."